టర్బోగారి కొత్త ఇల్లు

మార్చి మొదటివారంలో ఒక శనివారం రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికి ఒక గాజుతొట్టె, ఒక బల్బు, సగం వాడిన లెట్యూస్ ప్యాకెట్టు, వాటితోపాటు ఒక తాబేలు వచ్చాయి.

తెచ్చింది మా పక్కవీధి స్నేహితురాలు. నన్ను అక్కా అని పిలుస్తుంది, నాకూ చెల్లెల్లాంటిదే. జనవరిలో వాళ్ళాయన ఉద్యోగం పోయింది. ఇక్కడ హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు గడువు. ఆలోపు ఇంకో కంపెనీ తీసుకోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. అరవై రోజులూ అయిపోవచ్చాయి. కారు అమ్మేశారు, సోఫాలు అమ్మేశారు, ఇంటి సామానంతా తక్కువో ఎక్కువో ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేశారు. మర్నాడు హైదరాబాదు ఫ్లైటు.

"అన్నీ ఇచ్చేశాం అక్కా. వీణ్ణి ఇవ్వడానికి మాత్రం మావాడు ఒప్పుకోవట్లేదు. మీ ఇంట్లో అయితే సరే అన్నాడు" అంది. వాడు, పదేళ్ళవాడు, గుమ్మం దగ్గరే నిలబడి ఆ తొట్టెలోకి చూస్తున్నాడు. తాబేలుని వెంట తీసుకెళ్ళడం అంటే పిల్లిని బుట్టలో పెట్టి తీసుకెళ్ళినట్టు కాదట. ఈ జాతిని దేశం దాటించాలంటే అంతర్జాతీయ అనుమతులు కావాలి. మనుషులకే కాగితాలు దొరకని రోజుల్లో తాబేలుకి ఎవరు తెస్తారు?

"పేరేమిటి నాన్నా?" అని అడిగాను.

"టర్బో" అన్నాడు. నవ్వబోయి, వాడి మొహం చూసి ఆగిపోయాను.

"రోజుకి రెండు లెట్యూస్ ఆకులు ఆంటీ. సండే స్ట్రాబెర్రీ. లైట్ మార్నింగ్ వేసి నైట్ తీసెయ్యాలి" అని అప్పగింతలు పెట్టాడు. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ చెప్పరేమో.

వాళ్ళు వెళ్ళాక తలుపేసి వెనక్కి తిరిగేసరికి మా అత్తయ్యగారు హాల్లో నిలబడి ఉన్నారు. ఆరునెలలు మా దగ్గరుండడానికి తెనాలి నుంచి వచ్చారు. తొట్టెని చూశారు, నన్ను చూశారు.

"తాబేలు జొచ్చిన ఇల్లూ, అమీనా జొచ్చిన ఇల్లూ ఒకటే అనేవాళ్ళమ్మాయ్ మా పెద్దవాళ్ళు" అన్నారు.

అమీనా అంటే ఇప్పటివాళ్ళకి తెలియదు. పాతకాలంలో కోర్టు తరఫున అప్పులవాళ్ళ ఇంటికొచ్చి సామాను జప్తు చేసే ఉద్యోగి. ఆయన అడుగు పెడితే ఇంక ఇంట్లో చెంబూ తప్పేలా మిగలవు. నాకు ఒళ్ళు మండింది, కానీ మాట్లాడలేదు. ఆవిడే మళ్ళీ నెమ్మదిగా అన్నారు: "వాళ్ళింట్లో ఉన్నప్పుడే కదా ఉద్యోగం పోయింది."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేక కాదు. ఉంది. ఈ ఊళ్ళో ఈ ఏడాది ఉద్యోగం పోయిన అందరి ఇళ్ళలోనూ తాబేళ్ళు లేవు. కానీ మా వారి ఆఫీసులో కూడా నెలరోజులుగా అవే మాటలు నడుస్తున్నాయి. ఆయన ఫోన్ మోగితే నా గుండె కొట్టుకుంటోంది. అందుకని జవాబు చెప్పకుండా తొట్టెని తీసుకెళ్ళి వంటింటికి దూరంగా కిటికీ దగ్గర పెట్టాను.

మర్నాడు శ్రీకాకుళంలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ సంగతి మరో రకం. మా ఊరికి శ్రీకూర్మం ఎంతో దూరం కాదు. మన దేశంలో విష్ణుమూర్తిని కూర్మరూపంలో కొలిచే గుడి అది. గుడిలో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి, డిప్ప మీద నక్షత్రాలు చెక్కినట్టుంటాయి. చిన్నప్పుడు వాటికి తోటకూర పెట్టడానికి నేనూ తమ్ముడూ పోట్లాడుకునేవాళ్ళం. "స్వామే వచ్చాడే మీ ఇంటికి. ఇంక మీకు భయం లేదు" అంది అమ్మ.

అలా ఒకే రాత్రి గడిచేసరికి ఆ జీవం నెత్తిన ఇద్దరు పెద్దవాళ్ళు రెండు ఉద్యోగాలు పెట్టారు. ఒకరేమో ఇల్లు ముంచుతుందన్నారు, ఒకరు గట్టెక్కిస్తుందన్నారు. అదేమో కాళ్ళూ తలా లోపలికి ముడుచుకుని ఒక మూల పడుంది.

అలాగే నాలుగు రోజులు పడుంది. లెట్యూస్ వాడిపోయింది. స్ట్రాబెర్రీకి బూజు పట్టింది. మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక నేను టార్చి పట్టుకుని వెళ్ళి ఊపిరాడుతోందా లేదా అని చూశాను. ముందుకాళ్ళ సందుల్లో చర్మం కొద్దిగా కదిలింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు జాలి కన్నా భయమే ఎక్కువ వేసింది. మా ఇంట్లో చచ్చిపోతే? పిల్లాడికి ఏం చెప్పాలి? అత్తయ్యగారి సామెత కూడా గుర్తొచ్చింది. బీఏ తెలుగులో సామెతల మీద వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని, అర్ధరాత్రి టార్చి పట్టుకుని ఒక సామెతకి భయపడుతూ కూర్చున్నాను.

అయిదో రోజు పాముల్నీ తాబేళ్ళనీ చూసే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. ఫీజూ పరీక్షా కలిపి మా వారం కూరగాయల ఖర్చు దాటింది. మా వారు ఏమీ అనలేదు. ఆ డాక్టరమ్మ దాన్ని తిరగేసి, తూకం వేసి, నోరు తెరిపించి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "బల్బు కొని ఎన్నాళ్ళయింది?"

నాకేం తెలుసు? అక్కడి నుంచే హైదరాబాదుకి మెసేజ్ పెట్టాను. రెండేళ్ళు దాటిందక్కా, కానీ బాగానే వెలుగుతోంది అని జవాబు.

సంగతంతా అక్కడే ఉందట. తాబేలు డిప్ప మనం అనుకున్నట్టు అది వేసుకున్న చొక్కా కాదు. వెన్నెముకా పక్కటెముకలూ దాంట్లో కలిసిపోయి ఉంటాయి. అది ఎముకే. తాకితే దానికి తెలుస్తుంది. ఆ ఎముక గట్టిగా ఉండాలంటే కాల్షియం కావాలి, తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి, డి విటమిన్ తయారవ్వాలంటే సూర్యకాంతిలో ఉండే ఒక రకం అతినీల లోహిత కిరణాలు కావాలి. వాటిని యూవీబీ అంటారు. ఇంట్లో పెంచే తాబేలుకి ఆ కిరణాలిచ్చే ప్రత్యేకమైన లైటు పెట్టాలి. ఆ లైటు తమాషా ఏమిటంటే, ఏడాది తిరిగేసరికి దాంట్లో ఆ కిరణాలు బాగా తగ్గిపోతాయి. వెలుగు మాత్రం మామూలుగానే ఉంటుంది. మన కంటికి తేడా తెలియదు.

"కిటికీ దగ్గర పెట్టానండీ, ఎండ బాగా వస్తుంది" అన్నాను. కిటికీ అద్దం ఆ కిరణాల్ని లోపలికి రానివ్వదు అంది. రెండేళ్ళుగా అది వెలుగులో ఉంటూనే చీకట్లో ఉందన్నమాట.

జబ్బేమీ లేదు, చోటు మారినప్పుడు ఇలా బెంగపెట్టుకుని కొన్నాళ్ళు తినకపోవడం మామూలే, కానీ ఇల్లూ తిండీ రెండూ మార్చాలి అని చెప్పింది. ఇది రష్యన్ తాబేలు అనీ, మగదనీ అప్పుడే తెలిసింది. తోక పొడుగ్గా ఉంటే మగదట. రష్యన్ అన్నది పేరుకే. వీటి అసలు ఊళ్ళు కజకస్తాన్, ఉజ్బెకిస్తాన్, అఫ్గనిస్తాన్ లాంటి పొడినేలలు. అక్కడ మండే ఎండలూ, గడ్డకట్టే చలీ. ఆ రెండింటి నుంచీ తప్పించుకోవడానికి ఏడాదిలో ఎక్కువ నెలలు బొరియ తవ్వుకుని నేల కిందే ఉంటాయి. అలాంటి జీవాన్ని గాజుతొట్టెలో రెండంగుళాల చెక్కపొట్టు మీద పెడితే ఎక్కడ తవ్వుతుంది? పైగా వాటికి గాజు అడ్డం ఉందని అర్థం కాదు. అవతల కనిపిస్తోంది కాబట్టి వెళ్ళొచ్చనుకుని గోడకి గోళ్ళు గీరుతూనే ఉంటాయి. పిల్లాడు దాన్ని చూసి "టర్బో డ్యాన్స్" అనేవాడట.

ఇల్లు మార్చాలి సరే, ఎంత పెద్దదవ్వాలి? పెంచేవాళ్ళు రాసినవి నాలుగు చోట్ల చదివాను. కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఇంకా పెద్దదైతే ఇంకా మంచిది. గోడలు లోపలినుంచి కనబడకూడదు. కొత్తది కొనాలంటే ధరలు చూసి కళ్ళు తిరిగాయి. అప్పుడు మా గదిలో ఉన్న పుస్తకాల అర నా కంట పడింది. ఆరడుగుల పైన పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు. అరలు తీసేసి వెల్లకిలా పడుకోబెడితే సరిగ్గా తాబేలుకి ఇల్లు.

దాంట్లో నా తెలుగు పుస్తకాలున్నాయి. ప్రతి ఇండియా ప్రయాణంలోనూ ఇరవైమూడు కిలోల లెక్కలో పచ్చళ్ళు తగ్గించుకుని తెచ్చుకున్నవి. వాటిని తీసి అట్టపెట్టెల్లో సర్దుతుంటే మా వారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఇప్పట్నుంచే ప్యాకింగ్ మొదలుపెట్టావా?" అని నవ్వబోయారు. ఇద్దరం నవ్వలేకపోయాం. తర్వాత ఆయనే వచ్చి స్క్రూలు విప్పారు.

అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచాం. దాని మీద ఎరువు కలపని మట్టీ, కొబ్బరిపొట్టూ కలిపి ఆరంగుళాల మందాన పోశాం. కొబ్బరిపొట్టు ఇటుకల్లా నొక్కి అమ్ముతారిక్కడ. నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. అత్తయ్యగారు ఆ ప్యాకెట్టు తిప్పి చూసి, మన దేశంలో తయారైందని నేను చదివి చెబితే ముక్కున వేలేసుకున్నారు. "మేం పొయ్యిలోకి పారేసే పీచుపొట్టుకి డాలర్లా!" ఆవిడ ఆ మూలకి రావడం అదే మొదటిసారి.

ఒక చివర మీద వేడి బల్బు. దాని కింద ఒక నాపరాయి పలక. ఆ పలక మీద 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, అంటే మన లెక్కలో 35. రెండో చివర చల్లగా 70, 75 మధ్య. వేడి కావాలంటే ఇటు, వద్దంటే అటు, వాడే చూసుకుంటాడు. తాబేలు తన ఒంట్లో వేడి తాను పుట్టించుకోలేదు కాబట్టి ఈ రెండు వైపులూ ఉండి తీరాలి. మధ్యలో కొత్త యూవీబీ ట్యూబులైటు, పన్నెండు గంటలు వెలిగేలా టైమరు. చల్లటి వైపు ఒక పాత పూలకుండీని సగానికి మట్టిలో పాతి గుహలా పెట్టాం. తాగడానికి లోతులేని మట్టిమూకుడు. వేడి కొలవడానికి పిస్తోలులా ఉండే థర్మామీటరు కొన్నాం. రెండోరోజు అది కనిపించలేదు. వెతికితే వంటింట్లో ఉంది, అత్తయ్యగారు దోసెల పెనం మీద గురిపెట్టి చూస్తున్నారు. "నీళ్ళు చిలకరించి చూడక్కర్లేకుండా బాగానే ఉందమ్మాయ్ ఇది" అన్నారు. సబ్బుతో కడిగి ఇచ్చేశాను, ఇంకొకటి కొన్నాను.

కడగడం గురించి చెప్పాలి. తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. దానికేం చెయ్యదు, మనకి విరేచనాలు, జ్వరం. పసిపిల్లలకీ, పెద్దవాళ్ళకీ మరీ ప్రమాదం. చిన్నపిల్లలు బుల్లి తాబేళ్ళని నోట్లో పెట్టుకుని జబ్బుపడుతున్నారని 1975 నుంచి అమెరికాలో నాలుగంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకం నిషేధించారు. అందుకని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇది చదివి వినిపించగానే అత్తయ్యగారు విజయగర్వంతో "చూశావా! అంటు అని నేనంటే నవ్వారు" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ నియమానికి ఆవిడే కాపలా. మా అమ్మాయి తాబేలుని తాకి ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసిందంటే చాలు, అయిపోయిందే!

ఇల్లు అమిరింది. ఇంక తిండి.

లెట్యూసుల్లో ఐస్‌బర్గ్ రకం దాదాపు నీళ్ళే, బలం లేదు. స్ట్రాబెర్రీలు, టమాటాలు ఈ జాతికి పనికిరావు, అంత తీపిని దాని పొట్ట తట్టుకోలేదు. అన్నం, రొట్టె, పప్పులు అసలే వద్దు. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు, అందుకని అదీ వద్దు. మరి ఏం పెట్టాలయ్యా అంటే కలుపుమొక్కలు! వాటి ఎడారి నేలల్లో దొరికేవి అవేగా. డాండెలియన్ ఆకులూ పూలూ, ఎండైవ్, ఎస్కరోల్, కాలర్డ్ ఆకులు, మందార ఆకులూ పూలూ, నాగజెముడు మట్టలు. నాగజెముడు కోసం మనం భయపడక్కర్లేదు, ఈ టెక్సస్‌లో మెక్సికన్ల కూరగాయల షాపులో ముళ్ళు గీకేసి శుభ్రంగా అమ్ముతారు, వాళ్ళు కూర వండుకుంటారు. రోజుకి దాని డిప్ప అంత కుప్ప చాలు. వారానికి రెండుసార్లు ఆకుల మీద చిటికెడు కాల్షియం పొడి. పిట్టల పంజరాల్లో పెట్టే తెల్లటి సముద్రపు ఎముక ఒకటి మూలన పడేస్తే కావాల్సినప్పుడు అదే కొరుక్కుంటుంది, పెరిగిపోయిన ముక్కూ అరుగుతుంది. తాబేళ్ళకి పళ్ళుండవు, చిలకముక్కులాంటి అంచులతో కత్తిరిస్తాయి.

వారానికి రెండు మూడుసార్లు గోరువెచ్చటి నీళ్ళలో, గడ్డం దాటని లోతులో, పావుగంట కూర్చోబెట్టాలి. దానికని విడిగా ఒక టబ్బు. మొదటిసారి నీళ్ళలో తెల్లగా సున్నంలాంటిది వదిలితే హడలిపోయాం. తర్వాత తెలిసింది, అది మూత్రంలో భాగమేనట. నీటిని పొదుపు చేసుకునే జీవం కదా.

అన్నీ చేశాం. ఎస్కరోల్ కొన్నాను, నాగజెముడు సన్నగా తరిగాను, మా కుండీలోని మందార ఆకులు పెట్టాను. పలక మీదకెక్కి వేడి కాచుకుంటున్నాడు, మట్టిలో సగం దూరుతున్నాడు, కళ్ళలో కాస్త తేట వచ్చింది. తినడు. పదకొండు రోజులైంది.

పన్నెండో రోజు హైదరాబాదు నుంచి వీడియో కాల్. నా స్నేహితురాలు చిక్కిపోయింది. అత్తగారింట్లో ఒక గదిలో ఉంటున్నారు, ఆయన ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడు. "వీడూ సరిగా తినట్లేదక్కా. కొత్త స్కూల్లో ఎవరితోనూ కలవట్లేదు. బాక్సు తీసుకెళ్ళినట్టే తెస్తున్నాడు" అంది గొంతు తగ్గించి. వెనకనుంచి వాడొచ్చి ఫోన్ లాక్కున్నాడు.

"ఆంటీ, టర్బో తింటున్నాడా?"

తింటున్నాడని అబద్ధం చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. బల్బు సంగతీ, స్ట్రాబెర్రీ సంగతీ చెబితే తనవల్లే అనుకుంటాడని అవి చెప్పదలుచుకోలేదు. కానీ ఇది మాత్రం అబద్ధం ఎందుకో చెప్పలేకపోయాను. "లేదు నాన్నా. ఇంకా తినట్లేదు. ఇల్లు కొత్త కదా. ఏం పెడితే తింటాడో నీకే తెలియాలి. నువ్వు చెప్పు" అన్నాను.

వాడు బాగా ఆలోచించాడు. "ఎల్లో పెట్టండి ఆంటీ. ఒకసారి పార్కుకి తీసుకెళ్తే గడ్డిలో ఎల్లో ఫ్లవర్ తినేశాడు. మమ్మీ డర్టీ అని తీసేసింది" అన్నాడు.

మార్చిలో డాలస్ చుట్టుపక్కల గడ్డిలో పచ్చటి పూలంటే డాండెలియన్లే. అయితే ఇక్కడివాళ్ళకి వాటిమీద పగ. కనిపిస్తే చాలు, మందు కొడతారు. మందు కొట్టిన గడ్డి తాబేలుకి విషం. మా వెనక పెరట్లో మేమెప్పుడూ మందు కొట్టలేదు, బద్ధకం వల్ల. ఆ బద్ధకం ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. నేను వెళ్ళేసరికే అత్తయ్యగారు పెరట్లో వంగి ఉన్నారు. ఫోన్ మాటలు విన్నట్టున్నారు. "ఇదేనా? ఆకు రంపంలా ఉంది, తుంచితే పాలు కారుతున్నాయి" అన్నారు. కొంగులో ఏడో ఎనిమిదో పచ్చటి పూలు.

పలక పక్కన ఒక పువ్వు పెట్టి, ఇద్దరం దూరంగా జరిగి నిలబడ్డాం. అయిదు నిమిషాలు. మెడ బయటకొచ్చింది. పది నిమిషాలు. ఒక అడుగు వేశాడు. మెడ చాచి, పక్కకి వంచి, నోరు ఇంత తెరిచి, పువ్వు పక్కనున్న గాలిని కొరికాడు. మళ్ళీ తెరిచాడు. ఈసారి పువ్వు దొరికింది. ఆ చిన్న నోట్లో పచ్చటి రేకులు సగం లోపల, సగం బయట. మా అత్తయ్యగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

వీడియో తీసి పంపాను. అక్కడ అర్ధరాత్రి. మర్నాడు పొద్దున్న జవాబు వచ్చింది. వాడు ఆ వీడియో చూస్తూ చూస్తూ రెండు ఇడ్లీలు తిన్నాడట. అంతే. మూడోది పెట్టబోతే వద్దన్నాడట.

ఆ తర్వాత బల్బు సంగతి కూడా వాడికి చెప్పేశాను. "నీ తప్పు కాదు నాన్నా, వెలుగు చూస్తే ఎవరికీ తెలియదు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "కొత్తదాని మీద డేట్ రాయండి ఆంటీ" అన్నాడు. రాశాను.

ఇప్పుడు వాడితో నాకు ఆదివారం ఆదివారం మాటలు. ఒకరోజు నేనే ఒక విశేషం చెప్పాను. చంద్రుడి దాకా వెళ్ళి చుట్టూ తిరిగి క్షేమంగా వచ్చిన మొదటి జంతువుల్లో టర్బో జాతివాళ్ళే రెండున్నాయి. 1968 సెప్టెంబరులో సోవియట్‌వాళ్ళు జోండ్-5 అనే నౌకలో పంపారు. అమెరికన్లు అపోలో-8లో మనుషుల్ని పంపడానికి మూడు నెలల ముందు. ఆ నౌక తిరిగొచ్చి దిగింది మన హిందూ మహాసముద్రంలోనే. తాబేళ్ళు బరువు తగ్గాయిగానీ బతికే వచ్చాయి. వాడు ఇది కొత్త స్కూల్లో చెప్పాడట. ఎవరూ నమ్మలేదట. ఒకడు మాత్రం ఇంటికెళ్ళి వెతికి, నిజమేరా అని వచ్చి పక్కన కూర్చున్నాడట.

మా వారి ఆఫీసులో ఏప్రిల్‌లో జాబితా వచ్చింది. ఆయన టీములో నలుగురి పేర్లున్నాయి. ఈయన పేరు లేదు. ఈసారికి లేదు. అత్తయ్యగారు దేవుడికి దణ్ణం పెట్టి, వస్తూ వస్తూ పుస్తకాల అర వైపు కూడా చేతులు జోడించారు. "కూర్మనాథుడే కాపాడాడు" అన్నారు. అమ్మ ఫోన్‌లో "నే చెప్పలేదూ!" అంది. నేను ఇద్దరికీ ఏమీ చెప్పలేదుగానీ, నాకు ఆ దణ్ణం కూడా నచ్చలేదు. ఇవాళ వాడి పుణ్యం అంటే రేపు ఏదైనా జరిగితే వాడి పాపం అనాల్సి వస్తుంది. ఆ నలుగురిలో ఒకళ్ళింట్లో పసిబిడ్డ ఉంది. వాళ్ళ ఇంట్లో ఏం జొచ్చిందని చెబుతాం? తాబేలుకి వెచ్చటి రాయి, తవ్వుకోవడానికి మట్టి, ఆకు, నీళ్ళు కావాలి. మన అదృష్టం మోసే పని దానికి వద్దు.

రష్యన్ తాబేళ్ళు బాగా చూసుకుంటే నలభై ఏళ్ళు పైన బతుకుతాయి. టర్బో వయసెంతో ఎవరికీ తెలియదు. మా వీసా మూడేళ్ళకోసారి పొడిగించుకోవాలి. గ్రీన్ కార్డు లైను ఎప్పటికి కదులుతుందో తెలియదు. మా అమ్మాయికి పదిహేడు. 21 నిండేలోపు కార్డు రాకపోతే మాతోపాటు ఉండే వీసా తనకి చెల్లదు, తన దారి తను చూసుకోవాలి. మొన్న అది టర్బోని చూస్తూ "నీకేంట్రా, నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అంది తమాషాకే. నేను వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరిగాను.

అందుకే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో మా అమ్మాయి చేత రాయిస్తున్నాను. ఏ లైటు ఎప్పుడు మార్చాలి, ఏ ఆకులు పెట్టాలి, ఏవి పెట్టకూడదు, నీళ్ళు ఎంత లోతు, డాక్టరు ఎక్కడ, తూకం ఎంత. ఎండలు ముదిరితే పెరట్లో నీడపట్టున వదిలేటప్పుడు చుట్టూ గోడ అడుగు ఎత్తుండాలి, మట్టిలోకీ అడుగు దిగాలి, ఎందుకంటే వీళ్ళు ఎక్కుతారు, తవ్వుతారు కూడా. కుట్టే ఎర్రచీమలూ, పక్కింటి కుక్కా, పైనుంచి గద్దలూ చూసుకోవాలి. ఇల్లుగలాయన దగ్గర తీసుకున్న అనుమతి కాగితం కూడా దాంట్లోనే పెట్టాను. నా తర్వాత ఎవరింటికి వెళ్ళినా ఈ పుస్తకం వాడితో వెళ్ళాలి. ఏమీ తెలియకుండా ఒక రాత్రి తొమ్మిదింటికి ఎవరి గుమ్మంలోనూ దిగకూడదు.

ఆ పుస్తకంలో రాసుకున్నవే ఇవాళ మీకూ చెప్పాను. నా తెలుగు పుస్తకాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. కొత్త అర కొందామని మా వారన్నారు. కొంటాంలెండి. ముందు ఈ సాయంత్రం పెరట్లో డాండెలియన్లు కోసుకురావాలి. ఎండలు ముదిరితే ఇంక దొరకవు.